బీచ్ పక్కన పార్కు స్థలం టూరిజానికి ఇచ్చేస్తున్నారు, ఎలా ఆపాలి?

అందరికీ నమస్తే అండి. మా బీచ్ పక్కనున్న పబ్లిక్ పార్కు స్థలాన్ని రిసార్టు కోసం టూరిజం వాళ్ళకి రాసిచ్చేస్తూ కౌన్సిల్లో తీర్మానం పెడుతున్నారంట. సరుగుడు చెట్లకి అప్పుడే ఎర్ర రంగుతో నంబర్లు వేసేశారు, వలలు ఆరబెట్టుకునే వైపు కూడా సర్వే రాళ్ళు పాతేశారు. టూరిస్టులు రావొద్దని కాదు గానీ టికెట్ లేకుండా పిల్లలు ఆడుకునే చోటు అదొక్కటే, గేటు పడిందంటే ఇంక అంతే సంగతులు.

1991లో బెంగళూరులో పార్కు స్థలం ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి ఇస్తే సుప్రీంకోర్టు చెల్లదంది, 1996లో కమల్‌నాథ్ కేసులో బియాస్ నది ఒడ్డున మోటెల్‌కిచ్చిన లీజు కూడా కొట్టేసింది, ఇలాంటివాటికి ప్రభుత్వం ట్రస్టీ మాత్రమే అని. ఇవి మనకి పనికొస్తాయా, లేక ఇది ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి బదిలీయే కదా అని తప్పించుకుంటారా?

ఇంకోటి, 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ జోన్) నోటిఫికేషన్ ప్రకారం ఈ స్థలం ఏ జోన్‌లోకొస్తుందో మ్యాపు ఎవర్నడగాలి? టెంపరరీ కట్టడాలే అని మొదలెట్టి తర్వాత సిమెంటు పోసేస్తారని నా భయం. ఆర్టీఐ వేద్దామంటే 30 రోజులు, ఈలోపు తీర్మానం అయిపోతుంది. ముందు కలెక్టర్‌కి అర్జీ ఇవ్వాలా, డైరెక్టుగా హైకోర్టులో పిల్ వేయాలా? ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్)కైతే 6 నెలల గడువంటున్నారు, అది తీర్మానం రోజు నుంచా, జీవో వచ్చాకా? ఇలాంటిది ఎవరైనా నడిపినవాళ్ళుంటే కొంచెం చెప్పండి ప్లీజ్.