మొబైల్ హోమ్ పార్కు మూసేస్తే: నేల ఉన్నవాడి మాట చెల్లాలా, ఇల్లు ఉన్నవాడి మాటా?

బేఏరియా_బాటసారి:
కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎల్ కమీనో రియల్ రోడ్డు పక్కన బ్యూనా విస్టా అని ఒక మొబైల్ హోమ్ పార్కు ఉంది. అంటే తయారుచేసి తెచ్చి దించిన ఇల్లు నివాసిది, కింద స్థలం మాత్రం అద్దెది. సుమారు నాలుగున్నర ఎకరాలు. గొడవ మొదలైనప్పుడు 117 ఇళ్లు, దాదాపు 400 మంది, ఎక్కువగా లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాలు. 2012లో స్థలం యజమానులు పార్కు మూసేస్తామన్నారు. అక్కడ ఖరీదైన అపార్ట్‌మెంట్లు కట్టాలని ప్లాన్. ఖాళీ చేయించేవారు పరిహారం ఇవ్వాలని ఆ ఊళ్లో 2001 నుంచీ రూలుంది. 2015లో సిటీ కౌన్సిల్ మూసివేతకు సరేనంది, తర్వాత కోర్టు కేసులు. చివరికి 2017లో కౌంటీ (మన జిల్లా లాంటిది) హౌసింగ్ అథారిటీ, అంటే తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లు చూసే ప్రభుత్వ సంస్థ, పార్కును 40.4 మిలియన్ డాలర్లకు కొనేసింది. అందులో కౌంటీ 14.5 మిలియన్లు, సిటీ 14.5 మిలియన్లు వేశాయి. అంటే ఇంటికి మూడున్నర లక్షల డాలర్లకు కాస్త తక్కువ! ఆ డబ్బుతో వేరేచోట ఇంకెంతమందికి ఇళ్లు వచ్చేవో. నాకైతే ఇది తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారిగట్టు:
బాటసారి గారూ, పేరు చూసి మోసపోకండి. మొబైల్ అంటారే గానీ ఒకసారి దించాక అది కదలదు. కదిలించాలంటే వేల డాలర్లు. పైగా 1976కి ముందు కట్టిన పాత ఇళ్లను వేరే పార్కులు చాలావరకు రానివ్వవు. మా ఊళ్లో రైతు దొడ్లో పాక వేసుకున్న కూలీ, పొమ్మంటే వాసాలైనా భుజాన వేసుకుని పోయేవాడు. వీళ్లకు ఆ దారి కూడా లేదు. అప్పుచేసి కొన్న ఇల్లు అక్కడే తుక్కవుతుంది.

లెక్కల_మాస్టారు:
జాలి వేరు, న్యాయం వేరు. స్థలం కొన్నది ఆయన, పన్ను కట్టేది ఆయన. తన స్థలంలో వ్యాపారం మానుకోవాలంటే ఎదురు డబ్బు కట్టమంటే ఎలా? అందుకే పరిహారం దాదాపు 8 మిలియన్లు అవుతుందని తెలిసి యజమానులు ఫెడరల్ కోర్టుకెళ్లారు. దశాబ్దాలుగా కొత్త ఇళ్లు కట్టనివ్వక అద్దెలు పెంచింది ఊరు. ఆ పాపం ఒక్క యజమాని మోయాలా? ఆ లెక్కన హౌసింగ్ అథారిటీ మార్కెట్ ధర ఇచ్చి కొనడమే నయం. ఇక్కడ నేను బాటసారితో కూడా విభేదిస్తాను.

మూసీ_పిల్ల:
మన హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు ఇళ్లు తీసేసి డబుల్ బెడ్‌రూమ్‌లకు పంపినట్టేగా ఇదీ?

గోదారిగట్టు:
కాదమ్మా. అక్కడ తీసేసింది ప్రభుత్వం, గొడవ నది స్థలం గురించి. ఇక్కడ ప్రైవేటు స్థలం, నెలనెలా స్థలం అద్దె కట్టినవాళ్లు. ఒకటే పోలిక: పనిచేసే చోటికి, పిల్లల బడికి ఎంత దూరం విసిరేస్తారన్నది. బ్యూనా విస్టా వాళ్ల వాదనలో కూడా బడే ముఖ్యం. పాలో ఆల్టో బడుల్లో చదువు పోతే ఆ నష్టం కూడా లెక్కలోకి రావాలన్నారు.

రేకులింటి_కోడలు:
ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని, ఈసారి చెప్తాను. మేం సన్నీవేల్‌లో మొబైల్ హోమ్‌లోనే ఉంటాం. మా అత్తగారికి ఫోన్‌లో "ఇండివిడ్యువల్ హౌస్" అని చెప్పాం, అబద్ధం కాదుగా! ఇద్దరం ఉద్యోగస్తులమే, అయినా ఇక్కడ మామూలు ఇల్లు కొనే స్తోమత లేదు. పోయినేడాది మా పార్కును ఎవరో కొంటున్నారని పుకారు లేచింది. అంతే, ఆ నెలలో వీధిలో అమ్మకానికి పెట్టిన రెండు ఇళ్లను చూడ్డానికే ఎవరూ రాలేదు. పార్కు మూయక్కర్లేదు, మూస్తారన్న మాట చాలు, మా ఇంటి విలువ పోతుంది. పుకారు చల్లారింది గానీ టెన్షన్ పోలేదు. మాస్టారూ, మీ లెక్కలో ఈ నష్టం ఎక్కడ రాస్తారు?

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటాను తల్లీ, దానికి నా దగ్గర గడి లేదు. కానీ ఆ రిస్కు ఉందనేగా ఇల్లు చవగ్గా వచ్చింది?

రేకులింటి_కోడలు:
చవకా! స్థలం అద్దె కలిపి చూడండి.

బేఏరియా_బాటసారి:
సరే, నా మొదటి మాట కొంచెం సవరించుకుంటా. డబ్బు పెట్టడం తప్పు కాదేమో, మరీ ఆఖరి నిమిషంలో పెట్టడం తప్పు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పార్కు అమ్మేముందు నివాసులకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. వాళ్లే సహకార సంఘం పెట్టుకుని కొనుక్కోవచ్చు. 1984లో ఒక చిన్న పార్కుతో మొదలై ఇప్పుడు అలా నివాసులే కొనుక్కున్న పార్కులు వంద దాటాయి. ఇక్కడా అలా కుదరదా?

గోదారిగట్టు:
అక్కడి నేల ధర వేరు, పాలో ఆల్టో ధర వేరండీ. 40 మిలియన్లకు తోటమాలులు, వంటవాళ్లు ఏ బ్యాంకు దగ్గర అప్పు తెస్తారు? ప్రభుత్వం చెయ్యి వెయ్యక తప్పదు.

రేకులింటి_కోడలు:
పుకారప్పుడు మేం కూడా సంఘం పెడదామన్నాం. క్లబ్‌హౌస్‌లో మీటింగ్ పెడితే పదకొండుమంది వచ్చారు. అందులో ముగ్గురు పార్కింగ్ గొడవ మాట్లాడటానికి వచ్చినవాళ్లు. వచ్చే శనివారం మళ్లీ పెడుతున్నాం, ఈసారి సమోసాలు కూడా తెస్తున్నా.