‘మోసపోం’: మేమా, మనమా?

ప్రశ్న:

అమెరికా రాక్ బృందం వాన్ హేలెన్ వాళ్ళ లైవ్ ఆల్బమ్ ‘రైట్ హియర్, రైట్ నౌ’ (1993) వింటున్నాను. అందులో ‘ద హూ’ అనే బ్రిటిష్ రాక్ బృందం 1971 నాటి పాట ‘వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్’ని కచేరీలో వాయించారు. దాని చివరి మాట ‘మీట్ ద న్యూ బాస్, సేమ్ యాజ్ ది ఓల్డ్ బాస్’. దీన్ని తెలుగులో ఒక్క ముక్కలో ఎలా అంటాం? ‘కొత్త సీసాలో పాత సారా’ సరిపోతుందా?

జవాబు:

సారా, సీసా వద్దండీ. అది ఇంగ్లీషు నుంచి దిగిన మాటే. దానికంటే ‘ఆ తానులో ముక్కే’ నయం. ‘దొందూ దొందే’ కూడా ఉంది కానీ, అది ఎదురుగా ఉన్న ఇద్దరినీ కలిపి తీసిపారేసే మాట. ఇక్కడ ఒకడు దిగాడు, ఒకడు ఎక్కాడు. ఆ వరస దొందూ దొందేలో లేదు.

నాకు మొదట తట్టింది ‘ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి’. భావం దాదాపు అదే, స్వరం మాత్రం వేరు. అది ఆశ వదులుకున్నవాడి మాట. ఈ పాట మధ్యలో తిరుగుబాటు ఉంది, నినాదాలు మారడం ఉంది, ఇక మోసపోకూడదన్న మొక్కు ఉంది. పళ్ళు ఊడినా పర్వాలేదనుకునేవాడు మొక్కుకోడు కదా.

మన దగ్గర స్వాతంత్ర్యం తర్వాత పుట్టిన మాట ఒకటుంది: ‘తెల్లదొరలు పోయి నల్లదొరలు వచ్చారు.’ పాట చెప్పేదీ సరిగ్గా ఇదే. కాబట్టి బాస్‌కి నా ఓటు దొరకే. యజమాని అంటే ఇంటాయనలా వినిపిస్తుంది, అధికారి అంటే ఆఫీసు వాసన. ‘మీట్’ని మాత్రం ‘కలవండి’ అనకండి, టీవీ యాంకర్ మాట అయిపోతుంది. అక్కడ పాడేవాడు చేస్తున్నది వెటకారంగా పరిచయం చేయడం. కనుక:

‘ఇదుగో కొత్త దొర, అచ్చం పాత దొర.’

ఇంగ్లీషులో రెండు సగాలూ బాస్ మీదే ఆగుతాయి. ఇందులో రెండూ దొర మీద ఆగుతాయి. అందుకే చివర ‘దొరే’ అనలేదు.

ఒక మాట:

మా వైపు (నల్గొండ) దొర అంటే ఒట్టి బాస్ కాదు సార్. ‘నీ బాంచన్ దొరా’ అనిపించుకున్నోడు. గోదావరి వాళ్ళకి దొర అంటే ఇంగ్లీషు కలెక్టరు గుర్తొస్తాడేమో, మాకు గడీ గుర్తొస్తది. ఈ పాటకు అంత బరువు కావాల్నా?

జవాబు:

కావాలనే అంటాను. అయితే ఒక సంగతి. ఈ పాట రాసిన పీట్ టౌన్షెండ్ విప్లవాన్ని పొగడలేదు, అనుమానించాడు. 2004లో అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు మైకేల్ మూర్ తన సినిమాకి ఈ పాట అడిగితే ఇవ్వలేదు. 2006లో అమెరికా పత్రిక ‘నేషనల్ రివ్యూ’ దీన్ని సంప్రదాయవాద రాక్ పాటల్లో మొదటి స్థానంలో పెట్టింది. ఎవరికి వారు తమదనుకునే పాట ఇది. మీరన్న గడీ దొరని పెడితే ఒక పక్షానికి ఒరుగుతుంది, నిజమే. నాకు అభ్యంతరం లేదు.

అసలు చిక్కు దొర దగ్గర కాదు, పాట పేరు దగ్గర. ‘వోంట్ గెట్ ఫూల్డ్’కి ‘మోసపోం’ చక్కగా కుదిరింది, ‘గెట్’ చేసే పని మన ‘పోవు’ చేస్తుంది. కానీ ఎవరం మోసపోం? మేమా, మనమా? ఇంగ్లీషుకి ఆ తేడా లేదు. తెలుగుకి ఉంది, కానీ క్రియ మీద కనబడదు. మేమూ మోసపోం, మనమూ మోసపోం. సర్వనామం తీసేస్తే ఇంగ్లీషులో ఉన్న అస్పష్టతే మనకీ దొరుకుతుంది. కాబట్టి అనువాదంలో మేము, మనం రెండూ రాయకండి, ‘మళ్ళీ మోసపోం’ అని వదిలేయండి.

ఇప్పుడు లైవ్ సంగతి. స్టూడియో రికార్డులో నాకది ‘మేము’గా వినిపిస్తుంది, ఎవరో పైవాడికి చెబుతున్నట్టు. 1992లో అమెరికాలోని ఫ్రెస్నోలో హాలు నిండా జనం ముందు వాన్ హేలెన్ గాయకుడు శామీ హేగర్ అరుస్తుంటే అది ‘మనం’ అయిపోయింది. మాట ఒక్కటీ మారలేదు, ఎదురుగా ఉన్నవాళ్ళు మారారు.

వాయిద్యంలోనూ అలాంటిదే జరిగింది. మూలంలో ఆగకుండా కొట్టుకునే ఆ తళుకు శబ్దం ఆర్గన్‌ని సింథసైజర్ (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించి మార్చే వాద్యం) గుండా పంపి తీసింది. ‘ద హూ’ కచేరీల్లో ఆ ముక్కని టేపు మీద నడిపేవారు. డ్రమ్మర్ కీత్ మూన్ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని టేపు వెంట పడేవాడు. వాన్ హేలెన్ బృందం గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఆ భాగాన్ని గిటార్ మీదకు దించాడు. మనిషి వేళ్ళు కొంచెం జారతాయి, కొంచెం లాగుతాయి. ఆ ఒక్క మార్పుకే ఈ కవర్ (వేరేవాళ్ళ పాటని తమ పద్ధతిలో వాయించడం) నాకు నచ్చింది. మిగతాది ఎనిమిదిన్నర నిమిషాల మూలానికి చాలా దగ్గరగానే ఉంది. వీళ్ళకి కవర్ కొత్త కూడా కాదు, 1978లో మొదటి ఆల్బమ్‌లోనే బ్రిటిష్ బృందం కింక్స్ పాట తీసుకున్నారు.

మరో మాట:

చివరి మాటకి ముందు ఒక పెద్ద అరుపు ఉంటుంది కదా, దాన్ని గావుకేక అందామా?

జవాబు:

గావుకేకలో భయం, బాధ ఉన్నాయి. ‘ద హూ’ గాయకుడు రోజర్ డాల్ట్రీది అలాంటిది కాదు. పొలికేక అనండి. రెండు మాటలకీ జాతరలే పుట్టినిల్లు అంటారు: గావు పట్టడం (మేకపిల్లని పళ్ళతో కొరికి బలివ్వడం), పొలి చల్లడం (బలి రక్తం కలిపిన అన్నం ఊరి చుట్టూ చల్లడం). పొలి చల్లేవాడు ఊరి పొలిమేర దాకా వినబడేలా అరుస్తాడు. హేగర్‌ది మాత్రం ఈ రెండింటికీ మధ్యలో ఉంది, దానికి మాట మీరే వెతకండి.