లాక్ నట్టు కీ లేదు, చక్రం ఊడట్లేదు. అల్లాయ్ పాడవకుండా వరంగల్‌లో తీయించడం ఎట్లా?

ఐ20_నయీంనగర్

అందరికీ నమస్తే. నాది సెకండ్ హ్యాండ్ ఎలైట్ ఐ20, హైదరాబాద్‌లో కొన్నది. పాత ఓనర్ బయటి అల్లాయ్‌లు వేయించాడు. ఒక్కో చక్రానికి మూడు మామూలు నట్లు, ఒక లాక్ నట్టు (చక్రం దొంగతనం కాకుండా వేసేది, దాని గాడిలో సరిపోయే కీ పెడితేనే తిరుగుతుంది). మొన్న స్టేషన్ ఘన్‌పూర్ దాటాక వెనక ఎడమ టైరు పంక్చరైంది. షాపాయన మూడు నట్లు ఊడదీసి, నాలుగోది చూసి "సార్, దీని కీ ఇవ్వండి" అన్నాడు. స్టెప్నీ కింద, డ్యాష్‌బోర్డు డబ్బాలో, సీట్ల కింద అంతా వెతికినం, ఎక్కడా లేదు. చివరికి చక్రం ఊడదీయకుండానే జాకీ మీద లేపి మేకు పీకి, పంక్చర్ పుల్ల పెట్టి పంపించాడు. ఇప్పుడు గాలి మెల్లమెల్లగా దిగుతోంది.

పాత ఓనర్‌కు ఫోన్ చేస్తే "టూల్ కిట్‌లోనే ఉండాలి బ్రదర్" అంటాడు. ఇక్కడ ఒక షాపులో అడిగితే గ్యాస్ కటింగ్ పెడతాం, రిమ్ముకు గ్యారంటీ లేదు అన్నారు. వచ్చే వారం ఇంట్లోవాళ్లతో మేడారం పోయేది ఉంది. నట్టు బయట గుండ్రంగా, నున్నగా ఉంది. లోపల పువ్వు రేకుల ఆకారంలో సన్న గాడి. ఏం చేయాలి?

కాజీపేట_రైల్వే_క్వార్టర్స్

పాత ఓనర్‌ను ఇంకోసారి కదిలించండి. చివరిసారి అలైన్‌మెంట్ ఎక్కడ చేయించాడో, టైర్లు ఎక్కడ మార్పించాడో అడగండి. సగం కేసుల్లో కీ ఆ షాపులోనే ఉండిపోతుంది, సాకెట్‌లో ఇరుక్కొని. పనోడు తీసి ఇవ్వడు, మనం అడగం. వాళ్ల దగ్గర ఇట్లాంటి కీలు ఒక డబ్బాలో పడి ఉంటాయి. ఆ షాపు దొరికితే మీ నట్టు ఫొటో పంపి చూడండి.

ఆటోనగర్_మేస్త్రి

తమ్మీ, గ్యాస్ కటింగ్ అన్నవాళ్ల దగ్గరికి మళ్లీ పోకు. అల్లాయ్ అంటే అల్యూమినియం. నట్టు ఎర్రగా కాలేలోపే దాని చుట్టూ రిమ్ము బలం పోతుంది, రంగు సంగతి తర్వాత. పైగా టైరు ఉన్న రిమ్ముకు మంట పెడితే టైరు పేలే ప్రమాదం ఉంది. గాలి తీసేసినం అన్నా నేను ఒప్పుకోను.

నేను వరంగల్ ఆటోనగర్‌లోనే పని చేస్తా, ఈ నట్ల తలనొప్పి మాకు కొత్త కాదు. మీది స్టడ్ (హబ్‌లోంచి, అంటే చక్రం కూర్చునే ఇరుసు భాగంలోంచి బయటికి ఉండే మర కడ్డీ) మీద నట్టు బిగించే బండి, అందుకే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. పని చెడి స్టడ్ విరిగినా హబ్‌లోంచి కొట్టి తీసి కొత్తది ఎక్కిస్తాం.

ముందు బండిని నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి గేరులో పెట్టాలి. మిగతా మూడు నట్లు మళ్లీ బిగించాలి, మామూలు కంటే కొంచెం గట్టిగా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మూడూ తీసేసి ఆఖరికి లాక్ నట్టు మీద పడతారు. అప్పటికి బిగువంతా ఆ ఒక్కదాని మీదే ఉంటుంది, అది ఎట్లా కదులుతుంది? మూడూ గట్టిగా పట్టుకుంటే నాలుగోదాని మీద భారం తగ్గుతుంది.

తర్వాత పన్నెండు మూలల సాకెట్ కావాలి. నట్టు బయటి కొలత కంటే ఒక నెంబరు చిన్నది, గోడ పల్చగా ఉన్నది. అల్లాయ్‌లో నట్టు కూర్చునే గుంత ఇరుకు, మందం సాకెట్ దిగదు, బలవంతం చేస్తే గుంత అంచు గీక్కుపోతుంది. మేమైతే గుంత లోపల చుట్టూ మాస్కింగ్ టేపు వేస్తాం. సాకెట్‌ను నట్టు మీద తిన్నగా నిలబెట్టి రెండు పౌండ్ల సుత్తితో కొట్టాలి. మొదట్లో దెబ్బ డొల్లగా వినబడుతుంది. సాకెట్ పళ్లు నట్టు అంచును కోసుకుంటూ దిగి గట్టిగా పట్టుకున్నాక చప్పుడు మారుతుంది, గట్టి ఇనుము మీద కొట్టినట్టు ఖణేల్ మంటుంది. అంతవరకు ఆపొద్దు. అప్పుడు పొడుగు రాడ్డు వేసి చేత్తోనే తిప్పాలి, నట్లు తిప్పే మెషిన్ గన్ పెట్టొద్దు. టక్‌మని ఒక చప్పుడొస్తుంది, ఇక ఊడినట్టే. సాకెట్‌లో ఇరుక్కున్న నట్టును వెనక చదరం రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే బయటపడుతుంది. ఆ సాకెట్ మాత్రం మళ్లీ పనికిరాదు, పాతదే వాడండి. లోపల ఎదురు మరలు ఉండే ట్విస్ట్ సాకెట్లు కూడా దొరుకుతాయి, తిప్పేకొద్దీ కొరుకుతాయి. మంచి సామానే.

ఒక చిక్కు ఉంది. కొన్ని లాక్ నట్లకు బయట ఒక రింగు విడిగా తిరుగుతుంటుంది. దొంగ వచ్చి సాకెట్ కొడితే రింగే తిరగాలి, నట్టు కదలకూడదు అని పెట్టింది. వేళ్లతో పట్టుకొని తిప్పి చూసి చెప్పు.

పోలో_కరీంనగర్

నాది ఫోక్స్‌వ్యాగన్, నట్లు కాదు, హబ్‌లోకి బోల్టులు. నాకు కీ పోలేదు, షాపులో గన్ పెట్టి రెండు ముక్కలు చేశారు. కీ మీద నెంబరు చెక్కి ఉంది కాబట్టి బతికిపోయా. ఆ నెంబరు చెప్పి కంపెనీ డీలర్ దగ్గర కొత్త కీ తెప్పించుకున్నా. కీ ఉన్నవాళ్లు ఈరోజే నెంబరు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

మేస్త్రి గారు చెప్పినదానికి ఒక మాట. బోల్టు బండ్లలో ఇంత ధీమాగా సుత్తి ఎత్తొద్దు. బోల్టు తెగితే ముక్క హబ్ మరల్లో ఉండిపోతుంది, దాన్ని డ్రిల్ చేసి తీయడం వేరే కథ. ఇంకోటి, మా కాలనీలో రాత్రికి రాత్రి ఒక బండిని ఇటుకల మీద నిలబెట్టి నాలుగు అల్లాయ్‌లూ ఎత్తుకెళ్లారు. అందుకే నేను లాక్‌లు తీసేయమని ఎవరికీ చెప్పను.

ఐ20_నయీంనగర్

మేస్త్రి అన్నా, చూసిన. రింగు తిరగట్లేదు, మొత్తం ఒకటే ముక్క. కానీ గాడి నిండా ఎర్రమట్టి, నల్లటి బ్రేకు పొడి పేరుకొని ఉంది. సూదితో గీకితే పొరలు పొరలుగా వస్తోంది.

ఆటోనగర్_మేస్త్రి

ఒకటే ముక్క అయితే అదృష్టం. రింగు తిరిగేదైతే ముందు ఆ రింగును ఉలితో చీల్చాలి. అదీ కుదరకపోతే నట్టు మీద ఇంకో నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పాలి. ఆ పని తెలిసినవాడే చేయాలి. గాలి నిండిన టైరు మీద చేయొద్దు, బ్యాటరీ వైరు తప్పకుండా విప్పాలి.

ఆ మట్టి గురించి మిగతావాళ్లూ వినండి. కీ ఉన్నవాళ్లకు అది విరగడానికి అసలు కారణం ఆ మట్టే. గాడి అడుగున మట్టి ఉంటే కీ పూర్తిగా కూర్చోదు, పైపైన పట్టుకుంటుంది, గన్ దెబ్బకు అంచులు ఎగిరిపోతాయి. ముందు సూదితో గీకి, గాలి కొట్టి, అప్పుడు కీని అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకొని తిప్పాలి. లాక్ నట్టును ఊడదీసేటప్పుడు మొదట, బిగించేటప్పుడు చివర, రెండుసార్లూ చేత్తోనే. పనోడు గన్ ఎత్తగానే ఆపమని చెప్పండి, ఆయన మొహం ముడుచుకున్నా సరే.

కరీంనగర్ తమ్ముడు బోల్టుల గురించి చెప్పింది నిజం. లాక్‌ల గురించి మాత్రం నా లెక్క వేరు. కీ లేని లాక్ దొంగ కంటే ముందు ఓనర్‌నే ఆపుతుంది. బండి రాత్రి రోడ్డు మీద ఉంటుందంటే కొత్త సెట్ వేయించుకో. గేటు లోపల ఉంటుందంటే మామూలు నట్లు చాలు.

ఐ20_నయీంనగర్

నాలుగూ ఊడినయ్ అన్నా! మా వీధిలో తెలిసిన మెకానిక్‌కు మీ పోస్టు చదివి వినిపించి చేయించిన. ముందు ఎడమ చక్రానిది ఒక్కటే బాగా సతాయించింది, ఆ చక్రం గుంత అంచున చిన్న గీత పడింది, పెద్దగా కనబడదు. పంక్చర్ లోపలినుంచి ప్యాచ్ వేయించిన. బండి గేటు లోపలే ఉంటుంది కాబట్టి మామూలు నట్లే కొంటా. ఏం చూసి కొనాలి?

ఆటోనగర్_మేస్త్రి

మర 12 బై 1.5, అంటే స్టడ్ మందం 12 మిల్లీమీటర్లు, మర చుట్టుకు చుట్టుకు మధ్య 1.5 మిల్లీమీటర్లు. మారుతి నట్టు 12 బై 1.25, చూపుకు ఒకటే తీరుగా ఉంటుంది. రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, అక్కడ బలవంతం చేస్తే స్టడ్ మర పోతుంది. చేత్తో చివరిదాకా తిరగాలి, తిరగకపోతే ఆ నట్టు మీది కాదు. కూర్చునే భాగం కోన్ ఆకారంలో ఉండాలి. హోండా, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ రిమ్ములకు అది గుండ్రంగా ఉంటుంది, షాపులో కలిపేసి ఇస్తారు, చూసుకో. అల్లాయ్ గుంత ఇరుకు కాబట్టి తల సన్నగా ఉన్నవే తీసుకో. బిగువు ఎంతో బండి పుస్తకంలో చూసి టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానా) ఎదురెదురుగా బిగించమను. ఒక యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించు, అల్లాయ్ మీద కొత్త నట్లు కొంచెం సర్దుకుంటాయి.

ఇంకొకటి. నీ స్టెప్నీ ఇనుప రిమ్ము అయి ఉంటుంది. అల్లాయ్ కోసం కొన్న నట్లు దానికి సరిగ్గా కూర్చుంటాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి ఎక్కించి చూడు. కూర్చోకపోతే కంపెనీ నట్లు నాలుగు కొని డిక్కీలో పడేసుకో. మేడారం దారిలో పస్రా దాటాక ఆ అడవిలో నట్లు అమ్మేవాడు దొరకడు.