జూన్‌లో ఇద్దరం కేరళ వెళ్తున్నాం, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మాది అనంతపురం, వాన కోసం ఆకాశం వైపు చూసే ఊరు. పెళ్లయ్యాక మొదటి టూరు, మున్నార్, తేక్కడి, అలెప్పీ అనుకున్నాం. మా ఆవిడకు వానలో తడవాలని ఒకటే సరదా, నాకేమో జలగలంటే టెన్షన్.

కడప నుంచి:
వెళ్లండన్నా, ఏం కాదు. మేమూ జూన్‌లోనే పోయాం. తేక్కడి అడవిలో నడకకు ముందు మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు ఇచ్చారు, అయినా ఒక జలగ ఎట్లా ఎక్కిందో మా ఆయన మెడ మీద తేలింది, ఆయన వేసిన గంతులకు గైడుకు కూడా నవ్వాగలేదు. చిటికెడు ఉప్పు వేస్తే రాలిపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీదుంది. మున్నార్ ఘాట్ రోడ్డులో మాత్రం రాత్రి ప్రయాణం వద్దు, వానలకు కొండచరియలు విరిగిపడతాయి.

కర్నూలు నుంచి:
అలెప్పీలో హౌస్‌బోటు సాయంత్రం 5:30కల్లా ఒడ్డుకు కట్టేస్తారు, జాలర్లు వలలు వేసుకోవాలి కదా. అందుకే వేంబనాడ్ సరస్సు పగలే చూసెయ్యండి. మా ఆవిడ బుడ్డల (వేరుశెనగ) పొడి డబ్బా తెచ్చింది, బోటులో వంటాయన కరిమీను చేప వేపుడు మీద చల్లుకుని తిని, ఎట్లా చేస్తారో రాయించుకున్నాడు!

అనంతపురం:
థాంక్స్ అక్కా, అన్నా. టికెట్లు తీసేశా. ఉప్పు పొట్లాం నా జేబులో, పొడి డబ్బా ఆమె బ్యాగులో.