అప్‌డేట్: చెవిలో ఈల గురించి అడిగింది నేనే

ఎడమ చెవిలో సన్నగా ఈల మోగుతోంది, దూది పుల్లతో శుభ్రం చేస్తే పోతుందా అని గత నెలలో అడిగాను. పుల్ల పక్కన పెట్టి డాక్టరును కలవమని కోప్పడినవారందరికీ దండాలు.

బెంగళూరు మారతహళ్లిలో చూపించుకున్నాను. గుబిలిని బయటికి తీయడం మాట అటుంచి, పుల్లతో నేనే కర్ణభేరి దాకా నెట్టేశానట! మూడు రోజులు చుక్కలు వేశాక తీశారు. మిరియపు గింజంత నల్లటి ఉండ. చూస్తే సిగ్గేసింది.

ఈల మాత్రం ఆగలేదు. వినికిడి పరీక్షలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారింది, అంటే ఆ కీచు స్థాయి శబ్దాలు నాకు సరిగ్గా వినపడట్లేదు. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవుల్లో తరచుగా కనిపించే గుర్తు అదేనట. శబ్దాన్ని పట్టుకునే లోపలి చెవిలోని రోమకణాలు చస్తే మళ్లీ పుట్టవు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో హారన్లు వినపడకూడదని ఇయర్‌ఫోన్ల శబ్దం పూర్తిగా పెంచేవాణ్ని. ఒక మోతను ఇంకో మోతతో కప్పాను, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో శబ్దం జోరు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే 4 గంటలే. ఇప్పుడు బండి మీద పాటలు బంద్. రాత్రి ఫ్యాను చప్పుడులో ఈల కలిసిపోతోంది, నిద్ర పడుతోంది. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష.