"గెస్ట్ హోస్ట్ తేలిపోయాడు": ఇది పొగడ్తా, తిట్టా?

నెల్లూరు నుంచి:
అందరికీ నమస్కారం. అమెరికా వాళ్ల టీవీ కామెడీ షో 'సాటర్డే నైట్ లైవ్' ఎపిసోడ్ ఒకటి (అందులో వారానికొక కొత్త గెస్ట్ హోస్ట్ వచ్చి స్కిట్లలో చేస్తాడు) చూసి మా స్నేహితుల వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాశాను. "మొదటి రెండు స్కిట్లు పేలాయి, ఆ తర్వాత అంతా ఎగుడుదిగుడే, గెస్ట్ హోస్ట్ తేలిపోయాడు" అని. ఒకాయన "అంత బాగా చేశాడా, అయితే చూస్తా" అన్నాడు. ఇంకొకాయన "పాపం, అంత దారుణమా" అన్నాడు. ఇద్దరూ మన జిల్లా వాళ్లే, ఇద్దరూ తెలుగు మీడియమే. నేను రాసింది రెండో అర్థంలోనే. కానీ మొదటాయన అర్థం కూడా తెలుగులో ఉన్నదే కదా! ఈ 'తేలిపోవడం' సంగతేమిటో తేల్చండి. (గెస్ట్ హోస్ట్‌ని 'అతిథి ఆతిథేయుడు' అనాలని దయచేసి ఎవరూ మొదలుపెట్టకండి.)

కోవూరు నుంచి:
దీనికి నిఘంటువు ఎందుకన్నా? విత్తనాలు ఉప్పునీళ్లలో పోస్తే ఏమవుతుంది? గట్టి గింజ అడుక్కి పోతుంది, తాలు గింజ పైకి తేలుతుంది. తేలినదాన్ని దోసిలితో తీసి పారేస్తాం. లోపల పస లేనిదే తేలుతుంది. స్కిట్టయినా అంతే. 'తేలిక' అనే మాట కూడా అక్కడిదే.

కందుకూరు నుంచి:
తాలు గింజ నుంచే ఈ అర్థం వచ్చిందని ఖాయంగా చెప్పలేం గానీ, వినడానికి బాగుంది. నేను వ్యాకరణం వైపు నుంచి చెబుతా. 'తేలిపోవు'కి కనీసం మూడు వాడుకలున్నాయి, వాటిని విడదీసేది పక్కనున్న మాటలే. "ఎవరు గెలిచారో తేలిపోయింది" అన్నప్పుడు ముందు ఒక ప్రశ్నో, 'అని' ఉన్న వాక్యమో ఉండాలి, క్రియ ఏకవచనంలో నపుంసకలింగంలో ఉండాలి. "గాల్లో తేలిపోతున్నాడు" అన్నప్పుడు గాలి అయినా, మబ్బులైనా, ఆనందమైనా ఉండాలి. ఏ తోడూ లేకుండా మనిషిని కర్తగా పెట్టి, భూతకాలంలో "తేలిపోయాడు" అంటే మాత్రం చేయాల్సిన చోట చేయలేకపోయాడనే. క్రీడల పేజీ చూడండి, "బౌలర్లు తేలిపోయారు" అంటే ఎవరూ సంబరపడరు. కాబట్టి మీ వాక్యం సరైనదే. మొదటాయన లేని 'గాల్లో'ను ఊహించుకున్నాడు.

నెల్లూరు నుంచి:
ఈ లెక్క నాకు నచ్చింది. ఆయనకి పంపిస్తా.

ఒంగోలు నుంచి:
నేను తెలుగు చెప్పే టీచర్ని. మన పక్కనే ఉన్న వినుకొండ మహాకవి జాషువా గారి పద్యం ఎవరికీ గుర్తు రాలేదా? నవ్వుల మీదే ఉంది. "నవ్వవు జంతువుల్ నరుడు నవ్వును నవ్వులు చిత్తవృత్తికిన్ దివ్వెలు కొన్ని నవ్వులెటు తేలవు కొన్ని విషప్రయుక్తముల్". ఇందులో 'ఎటు తేలవు' చూడండి. అటూ కాదు ఇటూ కాదు, ఏ నవ్వో తెలియని నవ్వు. అంటే నవ్వు తేలకపోయినా కష్టమే, స్కిట్ తేలిపోయినా కష్టమే! పిల్లలకి ఈ పాదం చెప్పేటప్పుడు నేను టీవీ ఉదాహరణే ఇస్తాను. జోకు అయిపోయాక జడ్జి వైపు చూసి, ఆయన నవ్వితే మనమూ నవ్వుతామే, అదీ ఎటూ తేలని నవ్వు.

కోవూరు నుంచి:
టీచరమ్మా, ఆ 'తేలవు'ని యతి కోసం పెట్టారేమో? 'ది'కి 'తే' సరిపోతుంది గదా.

ఒంగోలు నుంచి:
యతి కుదిరిన మాట నిజమే. కానీ అర్థానికి అంతకంటే బిగువైన మాట దొరుకుతుందా, మీరే చెప్పండి. దివ్వెలకీ విషానికీ మధ్యలో ఆ ఎటూ తేలనివి కూర్చున్నాయి. జాషువా గారు యతి కోసం మాట వెతుక్కునే మనిషి కాదు.

నెల్లూరు నుంచి:
ఆ కార్యక్రమం గురించి తెలియని వాళ్ల కోసం కాస్త చెబుతా, అప్పుడు 'తేలిపోవడం' ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. అది 1975 అక్టోబర్ 11న ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ ఛానెల్‌లో మొదలైంది. న్యూయార్క్‌లో రాత్రి పదకొండున్నరకి లైవ్, అంటే మనకి ఆదివారం పొద్దున. వారం వారం హోస్ట్ మారతాడు. ఒక వారం సినిమా నటుడు, ఒక వారం పాటగాడు, ఒక్కోసారి ఆటగాడో రాజకీయ నాయకుడో. స్కిట్లు ముందే తయారుగా ఉండవు. సోమవారం ఆలోచనలు చెప్పుకుంటారు, మంగళవారం రాత్రంతా కూర్చుని రాస్తారు, బుధవారం అందరూ కలిసి చదువుతారు, చాలా వాటిని అక్కడే పక్కన పెడతారు. శనివారం సాయంత్రం ప్రేక్షకుల ముందు ఒకసారి ఆడి, నవ్వు రానివి ఇంకొన్ని కోసేస్తారు. నటులు కెమెరా పక్కన పట్టుకున్న అట్టల మీద చూసి చదువుతారు. అలవాటు లేని హోస్ట్ కళ్లు ఆ అట్టల మీదే ఉంటాయి, దొరికిపోతాడు. ఐదారు రోజుల్లో వండిన గంటన్నర కార్యక్రమం ఎగుడుదిగుడుగా ఉండకపోతేనే ఆశ్చర్యం. పైగా వింత వింత స్కిట్లని చివర్లో, ఒంటిగంటకి పది నిమిషాల ముందు వేస్తారు. తేలిపోతే పోనీలే అని కాబోలు. నాకు మాత్రం అవే ఎక్కువ ఇష్టం.

మొట్టమొదటి హోస్ట్ జార్జ్ కార్లిన్ స్కిట్లలో చేయనే లేదు, మధ్య మధ్యలో వచ్చి తన జోకులు తను చెప్పుకున్నాడు. స్కిట్లో తేలిపోయే ప్రమాదమే లేకుండా చూసుకున్నాడు, తెలివైనవాడు!

కావలి నుంచి:
మన 'జబర్దస్త్'లో ఆ బాధ లేదు కదన్నా. 2013 నుంచి వస్తోంది, టీములు ఉంటాయి, టీము లీడర్లు ఉంటారు, యాంకర్, జడ్జీలు ఉంటారు. ఒక టీము తేలిపోతే ఇంకో టీము కాపాడుతుంది. అక్కడ కొత్తగా వచ్చిన మనిషి నెత్తిన మొత్తం ఎపిసోడ్ పెడుతున్నారు.

ఇంకోటి. మా వైపు మామూలుగా "తేలిపోయింది" అనరు, అది పేపర్ భాష. "సప్పగా ఉండాది" అంటారు. మా అమ్మ అయితే "దాంట్లో ఏముందిరా అబ్బయ్యా" అని రిమోట్ తీసుకుంటుంది.

కందుకూరు నుంచి:
'మొహం తేలేయడం' మర్చిపోయారు. అదీ ఈ ధాతువే, కానీ ఇక్కడ మనిషే చేస్తాడు. ఏం చేయాలో తెలియక కళ్లు, మొహం వదిలేస్తాడు. నా దృష్టిలో హోస్టులకి ఇదే సరిపోయే మాట. మన నెల్లూరు జిల్లా రమణారెడ్డి గారు కావాలని మొహం తేలేస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. 'మాయాబజార్'లో చిన్నమయ్య గుర్తున్నాడు కదా? తెలిసి తేలేస్తే హాస్యం, తెలియక తేలేస్తే తేలిపోవడం.

ఒంగోలు నుంచి:
దీనికి వ్యతిరేక పదం ఏమిటో కూడా రాసుకుందాం. 'మునిగాడు' కాదు, అది ఇంకా అన్యాయం! స్కిట్టుకైతే 'పేలింది', మనిషికైతే 'నిలబడ్డాడు'.

నెల్లూరు నుంచి:
అయితే నా వాక్యం ఇలా మారుస్తున్నా: "రెండు పేలాయి, మూడు తేలిపోయాయి, ఒకటి ఎటూ తేలలేదు. హోస్ట్ నిలబడలేదు." మొదటాయన ఇది చదివి "మరి చివరిదాకా కూర్చునే చేశాడా" అని అడుగుతున్నాడు.