‘వెలివేశారు’ అంటే సరిపోతుందా? వర్ఫ్ శిక్షకి తెలుగు మాట కావాలి

స్టార్ ట్రెక్ (అంతరిక్షంలో జరిగే అమెరికన్ టీవీ కథలు) చూసేవాళ్లు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం పట్టండి. మా అమ్మ కోసం అందులో ‘నెక్స్ట్ జనరేషన్’ అనే సిరీస్ ఎపిసోడ్లకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. మూడో సీజన్‌లో, 1990లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో క్లింగాన్ల మండలి వర్ఫ్‌కి ‘డిస్‌కమెండేషన్’ అనే శిక్ష వేస్తుంది. చూడనివాళ్ల కోసం: క్లింగాన్లంటే యుద్ధమే బతుకనుకునే గ్రహాంతర జాతి, వర్ఫ్ ఆ జాతివాడే, కానీ మనుషుల అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్‌లో ఉద్యోగి. ఖిటోమర్ అనే క్లింగాన్ స్థావరం మీద రోమ్యులన్లు (వాళ్ల శత్రు జాతి) దాడి చేసి జనాన్ని ఊచకోత కోస్తారు, లోపలి నుంచి రహస్య కోడ్ ఎవరో అందించారు, ఆ ద్రోహి వర్ఫ్ తండ్రి మోగ్ అని తేలుస్తారు. నిజానికి ఆ పని చేసింది దురాస్ అనేవాడి తండ్రి. ఆ సంగతి మండలి పెద్ద కెంపెక్‌కి తెలుసు, కానీ దురాస్ వంశాన్ని కదిలిస్తే అంతర్యుద్ధం వస్తుందని నోరు మూసుకుంటాడు. వర్ఫ్ తమ్ముడు కర్న్ ప్రాణం కోసం, సామ్రాజ్యం చీలిపోకుండా ఉండడం కోసం ఆ మచ్చ తన మీద వేసుకుంటాడు. మండలి సభ్యులంతా చేతులు కట్టుకుని ఒక్కొక్కరే అతని వైపు వీపు తిప్పేస్తారు, చివరికి కర్న్ కూడా. ‘బహిష్కరించారు’ అని రాస్తే ఏదో అసెంబ్లీ వార్తలా ఉంది. ‘వెలివేశారు’ అందామా?

*

వెలి అంటేనే బాగుంటుంది. బహిష్కారం సంస్కృతం, చల్లగా ఉంటుంది. ఇంకో మాట, ఆ వీపు తిప్పే సీన్‌లో ‘వెన్ను చూపారు’ అని మాత్రం రాసేయకండి దయచేసి. తెలుగులో వెన్ను చూపడమంటే యుద్ధం వదిలి పారిపోవడం. క్లింగాన్‌ని పట్టుకుని వెన్ను చూపాడంటే కత్తి దూస్తాడు :) ‘పెడమొగం పెట్టారు’ అనండి.

*

పెడమొగం అలిగినవాళ్లు పెట్టుకునేది కదండీ. అత్తారింటికి వచ్చిన అల్లుడు పెడతాడు. ‘వీపు తిప్పేశారు’ అని ఉన్నదున్నట్టు రాస్తే పోయె, బొమ్మ ఎదురుగానే ఉంది కదా.

*

వెలి మీద నాకో అభ్యంతరం ఉంది, కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి. మన దగ్గర వెలి రెండు రకాలు. ఒకటి శిక్ష: కట్టుబాటు తప్పాడని కులపెద్దలు వేసేది, ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పెళ్లికి పిలవరు, చావుకి రారు. రెండోది ఏ తప్పూ అక్కర్లేనిది, పుట్టుకతోనే ఊరి బయట ఉంచడం, వెలివాడ. 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు తమ శిబిరానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారంటే ఆ మాట బరువు తెలిసే పెట్టుకున్నారు. వర్ఫ్ మొదటి రకం. ఎంత అన్యాయం జరిగినా అతను పై వంశంవాడు, మండలిలో నిలబడి మాట్లాడే హక్కున్నవాడు, ఆ హక్కు పోయింది. వెలి అన్నామంటే రెండో రకం బాధ కూడా అతనికి అంటగట్టినట్టవుతుంది, అది అతనిది కాదు.

అందుకని క్లింగాన్ భాషలోకే వెళ్లి చూద్దాం. అది ఊరికే గొంతు చించుకునే అరుపులు కాదు, మార్క్ ఓక్రాండ్ అనే భాషావేత్త 1984 సినిమా కోసం వ్యాకరణంతో సహా కట్టిన భాష, నిఘంటువు 1985లో వచ్చింది. వాక్యంలో కర్మ ముందు, తర్వాత క్రియ, చివర్న కర్త, అంటే ఇంగ్లిష్‌కి తలకిందులు. కానీ మాటకి వెనక ప్రత్యయాలు అతికించుకుంటూ పోవడంలో మాత్రం మన చుట్టమే. ‘కువ్’ అంటే గౌరవం కలిగి ఉండడం (మన లిపిలో ఉచ్చారణ అటూ ఇటూగా ఉంటుంది, సర్దుకోండి). ‘మోహ్’ తగిలిస్తే మన ‘ఇంచు’లాగా చేయించడం. ఇక ‘కాదు, లేదు’ అనడానికి వాళ్లకి రెండు ప్రత్యయాలున్నాయి. ‘బె’ అంటే ఉత్త లేదు. ‘హ’ అంటే ఉన్నది పోయింది, చేసింది చెడిపోయింది. పరువు లేనివాడు వేరు, పరువు పోయినవాడు వేరు కదా, సరిగ్గా ఆ తేడా. అగౌరవపరచడానికి వాళ్ల మాట ‘కువ్‌హమోహ్’, అందులో ఉన్నది రెండో ప్రత్యయం. అంటే ఆ శిక్షలో అసలు దెబ్బ బయటికి నెట్టడం కాదు, ఉన్నదాన్ని ఊడబెరకడం. వర్ఫ్‌ని ఎవరూ ఊరు దాటించలేదు, అతను అప్పటికే ఎంటర్‌ప్రైజ్‌లో మనుషుల మధ్య ఉద్యోగం చేసుకుంటున్నాడు!

నా ఓటు ‘పరువు తీసేశారు’కి కాదు, అది మరీ వీధి గొడవలా ఉంది. ‘భ్రష్టుణ్ణి చేశారు’. భ్రష్టుడంటే ఉన్న చోటు నుంచి జారినవాడు. కులభ్రష్టుడు, పదభ్రష్టుడు అని వాడుకలో ఉన్నవే.

*

అక్కా, వ్యాకరణం అదిరింది, కానీ ‘భ్రష్టుడు’ అంటే మా ఇంట్లో తాగి తిరిగేవాడు. ‘భ్రష్టు పట్టిపోయాడు’ అంటాం. సబ్‌టైటిల్‌లో ఆ మాట చూస్తే వాళ్లమ్మగారు వర్ఫ్‌కి ఏం అలవాట్లున్నాయో అనుకుంటారు.

*

హహ, నిజమే. అయితే ‘జాతిభ్రష్టుడు’ అనండి, ముందు మాట తోడుంటే తాగుబోతు వాసన పోతుంది.

*

నాకు వేరే డౌట్. 1991లో వచ్చిన రెండు భాగాల ఎపిసోడ్‌లో దురాస్ అక్కచెల్లెళ్లు లూర్సా, బెటోర్ వాడి అక్రమ సంతానం టోరల్‌ని గద్దెనెక్కించాలని, కెంపెక్ తర్వాత మండలి పెద్దగా వచ్చిన గౌరాన్ మీద తిరగబడతారు కదా, వాళ్లని ‘అసమ్మతి వర్గం’ అనొచ్చా? (దురాస్ పేరే దురాశలా ఉండడం ఎవరికీ తట్టలేదా, రాసినవాళ్లకి తెలుగు వచ్చేమో!)

*

అసమ్మతి అనగానే టికెట్ రాక ప్రెస్‌మీట్ పెట్టే ఎమ్మెల్యేలు గుర్తొస్తారు. వీళ్లు ఓడలు వేసుకుని గౌరాన్ మీదికి వచ్చారు, వెనకాల రోమ్యులన్ల సాయం కూడా ఉంది. తిరుగుబాటు అనండి, లేదా దాయాది పోరు. దాయాది అంటే గద్దెలో వాటా ఉందనుకునేవాడు, టోరల్ వాదన అదేగా.

నాకు నచ్చిన విషయం ఒకటి. అసమ్మతి అనే మాట ఆ మొత్తం కథలో ఎవరికైనా సరిపోతుందంటే వర్ఫ్‌కే. 1995 నాటి డీప్ స్పేస్ నైన్‌లో (ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్) గౌరాన్ కార్డాసియా అనే వేరే జాతి రాజ్యం మీద యుద్ధానికి రమ్మంటే వర్ఫ్ రానంటాడు, అది అన్యాయమైన యుద్ధమని. అప్పటికి తిరిగొచ్చిన పరువు రెండోసారి పోతుంది, ఈసారి ఆస్తి, వంశం, కర్న్‌కి మండలిలో ఉన్న చోటు అన్నీ పోతాయి. మొదటిసారి వెలి పడ్డప్పుడు సామ్రాజ్యానికి లొంగి పడ్డాడు, రెండోసారి ఎదురుతిరిగి పడ్డాడు. రెండింటికీ ఒకే తెలుగు మాట వాడకండి, ప్లీజ్. మొదటిదానికి ‘వెలికి ఒప్పుకున్నాడు’, రెండోదానికి ‘వంశాన్నే కొట్టేశారు’ అంటే ఆ తేడా తెలుస్తుంది.

*

కర్న్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. 1996 ఎపిసోడ్ చూసి నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. అన్న నిర్ణయం వల్ల అన్నీ పోగొట్టుకుని, నన్ను నీ చేత్తో చంపు, గౌరవంగా పోతాను అని వస్తాడు. వర్ఫ్ చంపబోతే అతని సహోద్యోగి డాక్స్ అడ్డుపడుతుంది. చివరికి అతని జ్ఞాపకాలు చెరిపేసి, రోడెక్ అని పేరు మార్చి, మోగ్ పాత స్నేహితుడి ఇంటికి కొడుకుగా పంపేస్తారు. కళ్లు తెరిచి వర్ఫ్‌ని చూసి మీరు మా కుటుంబంవారా అని అడిగితే, నాకు కుటుంబం లేదంటాడు వర్ఫ్. క్లింగాన్ల వంశాలకి ఇంగ్లిష్‌లో వాడే ‘హౌస్’ అనే మాటకి ‘వంశం’ కన్నా ‘ఇంటిపేరు’ దగ్గరగా ఉంటుందేమో. దత్తతకి వెళ్తే మనకీ ఇంటిపేరు, గోత్రం మారతాయి. తర్వాత వర్ఫ్‌ని మార్టోక్ అనే క్లింగాన్ సేనాని తన వంశంలోకి తీసుకున్నదీ అలాంటిదే.

*

మొదటి పోస్టు పెట్టింది నేనే. ఇదిగో ప్రస్తుతానికి రాసుకున్నది: మండలి తీర్పుకి ‘వెలి’, వర్ఫ్ తన గురించి చెప్పుకునే చోట ‘జాతిభ్రష్టుణ్ణి’, హౌస్‌కి ‘వంశం’ (ఇంటిపేరు అంటే ‘మోగ్ ఇంటిపేరు రద్దయింది’ అని రాయాలి, రేషన్ కార్డులా ఉంది). వెలి మీద అక్క చెప్పిన అభ్యంతరం ఒప్పుకుంటాను, అయినా ఆ మాటే ఉంచుతున్నాను, ఎందుకంటే మా అమ్మకి వెంటనే అర్థమయ్యేది అదే, పైగా పెద్దలు ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఒకణ్ణి బయట నిలబెట్టడం ఆ మాటకి కొత్తేమీ కాదు. ఇక మిగిలింది ఒక్కటి. గౌరాన్ పరువు తిరిగిచ్చే సీన్‌లో వర్ఫ్ కత్తి అంచుని చేత్తో పట్టుకుంటాడు, నెత్తురు కారుతుంది. అక్కడ ‘వెలి ఎత్తేశారు’ అనాలా, ‘కలుపుకున్నారు’ అనాలా?

*

మా వైపు ‘కులంలో కలుపుకున్నారు’ అనే అంటారు, తప్పు కట్టించుకుని మరీ. వర్ఫ్ తప్పే చేయలేదు కాబట్టి ‘కలుపుకున్నారు’ అంటే మండలి దయ చూపించినట్టు వినిపిస్తుంది. ‘వెలి ఎత్తేశారు’ రాయండి.